ఫోటోలో ఉన్నట్టుగా

కోర్టువారు ఓబుళమ్మకు న్యాయం చేశారు. ఆమె జీవితంలో వచ్చిపడ్డ పెద్ద కష్టాల్లో అది రెండోది. మొదటిది వన్నూరప్ప.

వన్నూరప్ప సంగతి ముందు చెప్పుకోవాలి. గుండుమీదపల్లె పక్కన, గుట్ట వాలులో, భూమిలేని వాళ్లకు సర్కారు పట్టాలిచ్చినప్పుడు ఓబుళమ్మకూ ఆమె మొగుడు తిప్పన్నకూ ఒక చెక్క వచ్చింది. భూమి అని మాటవరసకు అనడమే. కాలు పెడితే రాయి, చెయ్యి పెడితే కంప. మొగుడూ పెళ్లాం కూలికి పోగా మిగిలిన పొద్దంతా ఆ రాళ్లేరి గట్టు వెంబడి గోడ పేర్చారు. కంప నరికి వేళ్లు పెకలించారు. అంతకాలమూ వన్నూరప్ప అటు కన్నెత్తి చూడలేదు. ఒకరు పని చేసుకుంటుంటే అడ్డుపడే స్వభావం కాదు ఆయనది. పని అయిపోయి, ఎర్రమట్టి తేలి, మొదటి పంట సెనక్కాయ ఇల్లు చేరాక, మరుసటి ఏడు వానకు ఆయన ట్రాక్టరుతో వచ్చి దున్నుకున్నాడు.

ఇదేమని అడిగితే, పట్టా కాగితం వాళ్లదనీ, నేల తనదనీ వన్నూరప్ప నిదానంగా చెప్పాడు. ఎవరి వాటా వాళ్లకు దక్కిందన్న తృప్తి ఆయన మొహంలో కనిపించింది. ఆ తర్వాత బోరు వేశాడు, బత్తాయిలు కాసే చీనీచెట్లు పెట్టాడు, చెరువుమట్టి తోలించాడు, షెడ్డు కట్టి అందులో ఫ్యాను బిగించాడు. ఓబుళమ్మా తిప్పన్నా కోర్టుకెక్కారు. కేసు నడిచింది. నడిచి నడిచి, ఒక వాయిదాకూ ఇంకో వాయిదాకూ మధ్య తిప్పన్న చనిపోయాడు. కేసు మాత్రం ఆరోగ్యంగా ఉంది.

ఓబుళమ్మ చేతిలో ఉన్న పెద్ద సాక్ష్యం ఒక ఫోటో. పట్టాలిచ్చిన రోజు ఆ నేల మీదే తీసింది. ఊరికే నిలబడితే బాగుండదని, పని చేస్తున్నట్టుగా ఉండమని ఫోటో తీసినాయన అప్పుడు చెప్పాడు. అందుకని ఓబుళమ్మ కొడవలి పట్టుకుని కంపను కోస్తోంది. ఆమె వెనక తిప్పన్న, మెడదాకా బొత్తాలు పెట్టుకుని, గడ్డపార పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక పక్కన మేక. ఇంకో పక్కన, ఆ రోజు వచ్చిన మంత్రిగారి వెంట తిరుగుతూ, శ్రమదానం చేస్తున్నట్టు పడాలని పెద్ద రాయి నెత్తిన పెట్టుకుని నవ్వుతున్న కుర్ర వన్నూరప్ప. ఫోటో తీయడం అయిపోగానే రాయి కింద పడేశాడు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆయన ఇంకో రాయి ముట్టలేదు. మంత్రిగారి బొమ్మను మంత్రిగారి కోసం వేరే కత్తిరించి కడిగారు గనుక, ఓబుళమ్మ ఫోటోలో అంచున ఆయన చెయ్యి మాత్రం ఉంది. గడియారం ఉన్న ఆ చెయ్యి భూమిని వేలెత్తి చూపిస్తోంది.

కోర్టులో వన్నూరప్ప వకీలు ఈ ఫోటోనే పట్టుకుని, తమ కక్షిదారు మొదటి రోజు నుంచీ ఆ భూమి మీదే ఉన్నాడని వాదించాడు. రాయి మోసినంత మాత్రాన భూమి రాదని జడ్జిగారు కొట్టిపారేశారు. ఆక్రమణదారు ఖాళీ చేయాలని తీర్పు రాశారు. షెడ్డనీ బోరనీ మళ్లీ పేచీ రాకుండా చివర ఒక మంచిమాట కూడా చేర్చారు. పట్టా ఇచ్చిన నాడు భూమి ఏ స్థితిలో ఉన్నదో ఫోటోలో కనబడుతున్నది గనుక, సరిగ్గా అదే స్థితిలో అర్జీదారుకు అప్పగించవలెను అన్నారు.

ఆ మాట విని ఓబుళమ్మ జడ్జిగారికి రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఇంటికొచ్చి అటక మీది సెనక్కాయలు దించి, విత్తనానికి ఒలవడం మొదలుపెట్టింది. ముంగారు వాన దగ్గర పడుతోంది. ఒలిచిన విత్తనం ఈ అదునుకు నేలలో పడాలి, లేదంటే పురుగు పాలే. ఆమెకు కావలసింది అంతే. ఈ వానకు తన చేలో తన విత్తనం వేయాలి. తిప్పన్న పోతూ పోతూ అడిగింది కూడా అదే.

తహసీల్దారు శేషశయనంగారు తీర్పును మూడుసార్లు చదివారు. ఆ రోజుల్లో రెవెన్యూ శాఖలో 'తీర్పుల అక్షరాచరణ వారోత్సవాలు' నడుస్తున్నాయి. అంతకుముందు ఎక్కడో ఒక పెద్ద ఆఫీసరు, ఒక తీర్పును సొంత బుర్రతో అర్థం చేసుకుని అమలు చేసినందుకు, కోర్టులో పొద్దంతా నిలబడాల్సి వచ్చిందట. అప్పటినుంచి ఆ శాఖలో బుర్ర వాడకం నిలిచిపోయింది. ప్రతి తీర్పునూ అక్షరం పొల్లుపోకుండా అమలు చేయాలనీ, బాగా చేసినవారికి శాలువా కప్పుతామనీ పైనుంచి ఉత్తర్వు దిగింది. శేషశయనంగారికి రిటైర్మెంటు దగ్గర పడుతోంది. ఇంట్లో పాత శాలువాలు చాలానే ఉన్నాయి గానీ, ప్రభుత్వ శాలువా లేదు.

ఓబుళమ్మ ఆఫీసుకు వెళ్లి, చేను ఎప్పుడిస్తారని అడిగింది.

"చేను కాదమ్మా, స్థితి," అన్నారు శేషశయనంగారు. "సదరు తీర్పు ప్రకారం మేము మీకు అప్పగించవలసినది యథాపూర్వ స్థితి. భూమి అందులో అంతర్భాగం మాత్రమే."

ఓబుళమ్మకు ఆ ముక్క అర్థం కాలేదు. పెద్ద చదువు గదా, మంచిదే అయ్యుంటుందిలే అనుకుని ఇంటికొచ్చింది.

మరునాడు పొక్లెయిన్ వచ్చింది. వన్నూరప్ప షెడ్డు కూలిపోయింది. అది చూడటానికి ఊరంతా వచ్చింది, ఓబుళమ్మకు కడుపు నిండిపోయింది. తర్వాత పొక్లెయిన్ చీనీచెట్ల మీదికి తిరిగింది. కాపు మీదున్న చెట్లు గదా, ఉంచమని ఆమె అడిగింది. ఫోటోలో చీనీచెట్లు లేవని సర్వేయరు చెప్పాడు. సర్వేయరు మంచివాడే. మెడలో ఫోటో నకలు వేలాడదీసుకుని, చేలో నాలుగు మూలలా తిరుగుతూ, కంటికి కనిపించినదల్లా అందులో ఉందో లేదో చూసుకోవడం ఆయనకప్పగించిన పని. బోరు పూడుస్తుంటే ఓబుళమ్మ వెళ్లి అడ్డం నిలబడింది. నీళ్లేం నేరం చేశాయని అడిగింది. నీళ్ల మీద తమకు ద్వేషం లేదనీ, ఫోటోలో కనబడితే ఈ క్షణమే వదిలేస్తామనీ శేషశయనంగారు వివరించారు. చెరువుమట్టిని గీకేశారు. గీకిన మట్టి పాత యజమానికే చెందుతుంది గనుక, అది వన్నూరప్ప వేరే చేనికి చేరింది. కింద మళ్లీ ఎర్రమట్టి తేలింది.

ఓబుళమ్మ పిడికెడు మట్టి తీసి నలిపి చూసుకుంది. పోతే పోయింది, సెనక్కాయకు ఎర్రమట్టే మేలు. బోరు లేకపోతే వానే గతి, అదీ కొత్త కాదు. విత్తనాలు తెచ్చుకుంటానని ఆమె సర్వేయరుతో చెప్పింది.

"ఇంకా యాడమ్మా? సగం గూడా కాలేదు," అన్నాడు సర్వేయరు నకలు చూసుకుంటూ. "రాళ్లేవీ?"

అప్పటికి గానీ ఓబుళమ్మకు స్థితి అంటే ఏమిటో తెలియలేదు.

రాళ్ల కోసం ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. తానూ తిప్పన్నా పేర్చిన గోడ గట్టు వెంబడే ఉంది. దాన్ని విప్పి చేలో పరచాలని ఆఫీసు తేల్చింది. కంప మాత్రం చిక్కు తెచ్చింది. ఆ ప్రాంతంలో కంప లేని చోటు లేదు గానీ, పైసా ఖర్చు లేకుండా మొలిచే దాన్ని సర్కారు ఎలా నాటుతుంది? నర్సరీలను అడిగితే కంప పెంచడం లేదన్నారు. చివరికి రాళ్లు పరచడానికీ కంప నాటడానికీ టెండరు పిలిచారు. సదరు భూమిలో పనిచేసిన పూర్వానుభవం తప్పనిసరి అన్నారు. ఆ అనుభవం కాగితాల మీద రుజువైన మనిషి మండలం మొత్తంలో ఒక్కడే. ఆక్రమించుకుని ఇన్నేళ్లు సేద్యం చేశాడని సాక్షాత్తూ కోర్టే తేల్చింది. టెండరు వన్నూరప్పకు వచ్చింది.

వన్నూరప్ప కూలీలను పెట్టి గోడ విప్పించాడు. ఓబుళమ్మ గట్టు మీద కూర్చుని చూసింది. వాటిలో కొన్ని రాళ్లను ఆమె గుర్తుపట్టింది. ఒకటి తిప్పన్న కాలిమీద పడింది. ఇంకొకటి ఇద్దరూ కలిసి గట్టుదాకా పొర్లించి, అలసి, దాన్నే ఆనుకుని సద్దిమూట విప్పుకుని తిన్నది. ఆ రాళ్లన్నీ మళ్లీ చేలో, ఫోటోలో ఉన్న చోట్లలో, సర్వేయరు ముగ్గుతో గుర్తు పెట్టిన చోట్లలో దిగాయి. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక మరింత మండింది.

కంపను పాదులు తీసి నాటారు, ట్యాంకరుతో నీళ్లు పోశారు. మేకలు కొరకకుండా చుట్టూ తడికలు కట్టారు. ఫోటోలో మేక ఉంది గనుక ఒక మేకను తెచ్చి కట్టేశారు. అది తడికలను తినేసింది. ఆ ఎండాకాలం ఆ చుట్టుపక్కల సమయానికి నీళ్లు అందిన పైరు ఆ కంప ఒక్కటే.

ఆ మీదట మనుషుల సంగతి వచ్చింది.

"స్థితి అనగా జడపదార్థముల సముదాయము మాత్రమే కాదు," అని శేషశయనంగారు తేల్చారు. "ఫోటో యందు కనబడు సమస్తమూ స్థితియే."

మంత్రిగారి చెయ్యిని ఎవరు భర్తీ చేయాలన్న ప్రశ్న వస్తే తహసీల్దారు తానే ఒప్పుకుని, ఒక గడియారం అరువు తెచ్చుకున్నారు. వన్నూరప్ప సంగతి దగ్గర కొంచెంసేపు ఆలోచన నడిచింది. తీర్పు ఆయన్ను ఖాళీ చేయమంది. అదే తీర్పు ఫోటోలో ఉన్నట్టుగా ఉంచమంది. ఫోటోలో ఆయన ఉన్నాడు. శేషశయనంగారు రెండు వాక్యాలనూ గౌరవించారు. పొద్దున వన్నూరప్పను ఆక్రమణదారుగా పంచాయతీ వాళ్ల ఎదుట భూమి నుంచి బయటికి పంపించారు, మధ్యాహ్నం స్థితిలో భాగంగా లోపలికి పిలిపించారు.

వన్నూరప్పకు ఆనందం పట్టలేదు. అయినా మాట మీద నమ్మకం లేని మనిషి గనుక, తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు ఫోటోలో ఉన్న విధంగా తాను ఈ భూమి మీదే ఉండాలని తహసీల్దారు చేత రాయించుకుని, ముద్ర వేయించుకున్నాడు. సాయంత్రానికి నులకమంచం తెచ్చి కంపల మధ్య వాల్చుకున్నాడు.

"ఏమనుకోవాకు ఓబుళక్కా," అన్నాడు గట్టు మీదున్న ఆమెను చూసి. "ముందు నేనుండేది తప్పంటిరి. ఇప్పుడు నేను లేకుంటే తప్పంట."

ఓబుళమ్మ తహసీల్దారు దగ్గరికి పరుగెత్తింది. ఆక్రమణదారును తీసేయమంటే మళ్లీ తెచ్చి పెట్టారని గోడు వెళ్లబోసుకుంది. శేషశయనంగారు ఓపికగా విన్నారు.

"అక్రమంగా ఉన్నవారిని తొలగించమన్నారు, తొలగించాం. ప్రస్తుతం ఆయన సక్రమంగా ఉన్నారు," అన్నారు. తర్వాత కళ్లజోడు సర్దుకుని, "ఇక మీ భర్తగారు. తిప్పన్న. ఫోటోతో సరిచూసే పోలిక పంచనామాకు వారు ఎప్పుడు హాజరు కాగలరు?"

"ఆయప్ప సచ్చిపాయె గద సామీ."

"అది మాకు తెలియపరచబడలేదు," అన్నారు శేషశయనంగారు. కోర్టు దాకా పోయిన విషయమే అయినా, దారిలో ఈ ఆఫీసు తగల్లేదు. తిప్పన్న నిలబడిన చోట ముగ్గుతో గుండ్రంగా గీసి, మధ్యలో ఒక కొయ్య పాతించి, ఆ చోటును ఖాళీగా ఉంచమని చెప్పారు. గైర్హాజరు గురించి తర్వాత చూస్తామన్నారు.

పోలిక పంచనామా రోజు మబ్బు పట్టింది. కోర్టు నుంచి అమీనా వచ్చాడు. కోర్టు తీర్పు చెప్పినట్టే అప్పగింత జరిగిందని కళ్లారా చూసి రాసుకుపోవడం ఆయన పని. సన్నగా, ముక్కుసూటిగా ఉండే మనిషి. అద్దం కట్టిన అసలు ఫోటోను చంకలో పెట్టుకుని బస్సు దిగాడు.

ఆ ఫోటో కోర్టుకు పోయాక ఓబుళమ్మ మళ్లీ చూడలేదు. ఒక్కసారి చూపించమని అడిగితే అమీనా ఇచ్చాడు. ఆమె కొంగుతో అద్దం తుడిచింది. తిప్పన్న మెడదాకా బొత్తాలు పెట్టుకుని, ఎవరో కొట్టబోతున్నట్టు బిగుసుకుని ఉన్నాడు. ఆ చొక్కా తన పెళ్లికి తన పుట్టింటివాళ్లు పెట్టింది. ఓబుళమ్మకు అప్పుడు ఏడుపొచ్చింది. ఎవరున్నారని చూసుకోకుండా ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, మళ్లీ ఫోటో చూస్తే పక్కన వన్నూరప్ప నవ్వు కనబడింది. ఎదురుగా అదే మనిషి మంచం మీద పడుకుని కాలు ఆడిస్తున్నాడు. ఆమె ఒళ్లు భగ్గుమంది.

"ఏం సార్, ఈ మంచం ఫోటోలో యాడుండాది?" అంది అమీనాతో. "వాడి నెత్తిన రాయి యాడుండాది? నా మొగుడు సచ్చిపోయి రాలేకపోయినాడని ముగ్గు గీస్తిరి. వీడు బతికే ఉండాడు గద, నెత్తిన రాయి పెట్టుకోలేడా?"

కోపంతో అన్నదే తప్ప ఆమెకు అందులో వేరే ఆలోచనేమీ లేదు. అమీనా మాత్రం ఫోటో తీసుకుని మంచం వైపు చూశాడు, మళ్లీ ఫోటో వైపు చూశాడు. పోలికలో లోపమున్నదని తహసీల్దారుతో అన్నాడు. లోపం అన్న మాట వినగానే శేషశయనంగారికి శాలువా కళ్లముందు మెదిలింది. మంచం తీయించి, రాయి తెప్పించారు.

వన్నూరప్ప నవ్వుతూ ఒక చిన్న రాయి ఎత్తుకున్నాడు. సర్వేయరు కొలిచి, ఫోటోలో ఉన్నది ఇది కాదని, తిప్పన్నా ఓబుళమ్మా పొర్లించి, అలసి, ఆనుకుని సద్ది తిన్న రాయిని చూపించాడు. ఇద్దరు కూలీలు పట్టి నెత్తిన పెట్టారు. ఫోటోలో నవ్వుతున్నాడు గనుక నవ్వమని అమీనా చెప్పాడు. వన్నూరప్ప నవ్వాడు.

కాసేపటికి ఆయన మెడ వణికింది.

"ఇంక దింపుదునా సార్?"

"ఎలా దింపుతారు?" అన్నారు శేషశయనంగారు. "తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు ఫోటోలో ఉన్న విధంగా ఉండాలని మీరే కదా రాయించుకున్నారు."

"అవెప్పుడొస్తాయి?"

"అర్జీ పెట్టుకుంటే పరిశీలించబడుతుంది."

సర్కారుకు పెట్టిన అర్జీ ఎంతకాలం పరిశీలించబడుతుందో మండలంలో వన్నూరప్ప కంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఆ ఆలస్యం మీదే ఆయన ఇన్నేళ్లూ చీనీకాయలు కోసుకున్నాడు. రాయి ధబాలున కింద పడేశాడు. కోర్టు స్థితిని భంగపరచడం ధిక్కారం కిందికి వస్తుందని అమీనా కాగితం తీశాడు. వన్నూరప్ప ఆ కాగితాన్నే అడిగి తీసుకుని, ఈ భూమితో తనకు ఏ సంబంధమూ లేదని, ఎప్పుడూ లేదని, ఫోటోలో ఉన్నది తాను కాదని సంతకం చేసి ఇచ్చాడు. మంచం కూడా తీసుకోకుండా గట్టు దాటాడు.

రాయి మోసే మనిషి చోటు ఖాళీ అయింది. అలా ఉండటానికి వీల్లేదన్నాడు అమీనా. ఫోటోలో ఉన్నది తాను కాదని ఆ మనిషే రాసిచ్చాడు గనుక, మనిషి ఎవరైనా భంగిమ ముఖ్యమని శేషశయనంగారు తీర్మానించారు. చూడటానికి వచ్చిన ఊరివాళ్లలో ఒకరు ముందుకొచ్చి ఒక రాయి ఎత్తుకున్నారు. ఎంతసేపని మోస్తారు, గట్టు మీద దింపారు. చోటు మళ్లీ ఖాళీ అయ్యేసరికి ఇంకొకరు ఇంకో రాయి ఎత్తుకున్నారు. అలా ఒకరి తర్వాత ఒకరు, ఊరు ఊరంతా కోర్టు తీర్పును గౌరవించింది.

ఓబుళమ్మ కొడవలి తీసింది. ఏం చేస్తున్నావని శేషశయనంగారు అడిగారు.

"ఫోటోలో నేను కంప కోస్తాండా గద సామీ," అంది. "కోయకుంటే లోపమంటారని."

మొన్న మొన్న నాటిన కంప. వేరు పట్టలేదు. కొడవలి తగలకముందే చేతికి ఊడి వచ్చింది. అమీనా ఒక్కొక్కటీ ఫోటోతో పోల్చుకుని, కొడవలి పట్టుకున్న తీరు సరిగ్గా ఉందని రాసుకున్నాడు. తహసీల్దారు అంచున నిలబడి, అరువు గడియారం ఉన్న చేతిని ముందుకు చాచి, భూమిని వేలెత్తి చూపించారు. మేకను కూడా నిలబెట్టారు. ఒక్క తిప్పన్న తప్ప అన్నీ ఫోటోలో ఉన్నట్టుగానే ఉన్నాయని పంచనామా ముగించి, బస్సు తప్పిపోతుందని అమీనా వెళ్లిపోయాడు. ఆ రాత్రి వాన కురిసింది. తెల్లవారి ఓబుళమ్మ గుంటకతో గొర్రుతో అవసరం లేకుండా, కంప పాదుల్లో సర్కారు పోయించిన నీళ్లకు ముందే మెత్తబడ్డ నేలలో, చేత్తోనే విత్తనం వేసుకుంటూ పోయింది. ముగ్గు గీసిన చోట కూడా వేసింది.

శేషశయనంగారికి శాలువా వచ్చింది. ఆ సభలో, అక్షరాచరణకు ఇంతకంటే ఉదాహరణ లేదని చెప్పారట.

సెనక్కాయ రెండాకులు తొడిగాక, ఒక పొద్దున సర్వేయరు వచ్చాడు. చేతిలో నోటీసు ఉంది. పోలిక పంచనామాకు ఎందుకు హాజరు కాలేదో, తన మీద చర్య ఎందుకు తీసుకోరాదో తెలియజేయాలని తిప్పన్నకు తహసీల్దారు ఆఫీసు పంపింది. సర్వేయరు తల వంచుకుని, ఇది స్వయంగా ఆయన చేతికే ఇవ్వాలట, లేదా ఆయన ఉండే చోట అతికించాలట అన్నాడు.

ఓబుళమ్మ కలుపు తీస్తున్నది లేచి, ఆయన్ను వెంటబెట్టుకుపోయింది. వానకు ముగ్గు కరిగిపోయింది గానీ కొయ్య అలాగే ఉంది. దాని చుట్టూ పచ్చగా, చేలో అన్నిచోట్ల కంటే కాస్త ఎక్కువ పచ్చగా, మొలకలున్నాయి.

"ఈడ్నే ఉండాడు సార్," అంది. "ఇచ్చిపో."

వన్నూరప్ప పడేసిన పెద్ద రాయి ఎవరూ కదపక అక్కడే పడి ఉంది. నోటీసు గాలికి పోకుండా ఓబుళమ్మ దాని అంచు కింద దూర్చింది. సర్వేయరు పెన్ను తీసి, సదరు తిప్పన్న తన పొలంలోనే ఉన్నాడనీ, నోటీసు అందుకున్నాడనీ, అభ్యంతరమేమీ చెప్పలేదనీ రాసుకుని, మొలకలు తొక్కకుండా గట్టు మీదుగా వెళ్లిపోయాడు.